పిచ్చి డాక్టరు రీలు

డిసెంబరు 3, 1967

సంవత్సరం అయిపోవస్తుంటే డైరీ ఎవరైనా తెస్తారా? మా గంగులు తెచ్చాడు. విజయనగరంలో మందులకొట్టువాడు మిగిలిపోయిందని ఊరికే ఇచ్చాడట. "నాకు సదువెక్కడిదమ్మా, నువ్వు రాసుకో" అన్నాడు. గంగులు మా డేరా సినిమాలో జనరేటరు నడుపుతాడు, టిక్కెట్లు చింపుతాడు, తాగొచ్చినవాళ్ళని మెడపట్టి గెంటుతాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా అమ్మా అంటాడు.

ఏం రాయాలో తెలీదు. కానీ ఈయనతో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఈయన చదివేస్తారన్న భయం లేదు. పుస్తకం ముక్కుకి ఆనించినా అక్షరాలు అలుక్కుపోతున్నాయట.

అదిగో, మొదటి పేజీలోనే రాసేశాను.

డిసెంబరు 5

మళ్ళీ ఇవాళ నేల టిక్కెట్టువాళ్ళు "బొమ్మా! బొమ్మా!" అని ఒకటే అరుపులు. ఈయన లెన్సు తిప్పారు. ఇంకా మసకైంది. ఇటు తిప్పారు. కొంచెం నయం. "లెన్సుకి బూజట్టీసినాది" అన్నారు. పోయిన నెల తెర మాసిపోయిందన్నారు, ఉతికించాం. అంతకు ముందు జనరేటరు కరెంటు సరిగ్గా అందివ్వడం లేదన్నారు, గంగులు దాన్ని మొత్తం విప్పి బిగించాడు. ఇవాళ గంగులు నావైపు చూశాడు. నేను వాడివైపు చూడలేదు.

లెన్సు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. డేరా పెట్టిననాటి నుంచీ ఈయన నియమం అది. "సెయ్యేస్తే సెయ్యిరిసేస్తాను" అంటారు. నిజంగా విరవరు కానీ అన్నం మానేస్తారు, అది ఇంకా కష్టం.

అయినా జనం రావడం మానలేదు. మన సినిమాలకి పాటలున్నాయి, మాటలున్నాయి, బొమ్మ కనబడకపోయినా వింటారు. విశ్రాంతిలో వేసే ఇంగ్లీషు రీలు ముక్కకి కథ చెప్పడానికి నేనున్నాను.

డిసెంబరు 9

సంత రోజు. జనం బాగా వచ్చారు. చీపురుపల్లిలో సంత రోజున ఇంగ్లీషు ముక్క వెయ్యకపోతే ఇప్పుడు ఊరుకునేలా లేరు.

పోయినేడాది విశాఖపట్నంలో ఓడ సామాను అమ్మే ఒకాయన దగ్గర ఈయన ఈ రీళ్ళ డబ్బాలు తెచ్చారు. ఇంగ్లీషువాళ్ళ సీమలో ఇళ్ళల్లో ఒక పెట్టె ఉంటుందట, టెలివిజన్ అంటారట, అందులో వారానికో ముక్క చొప్పున వచ్చిన సాహసాల కథట. పాతబడ్డాక ఓడల్లో నావికులకి వేసేవారట. మన ఢిల్లీలో కూడా ఆ పెట్టె వచ్చిందని ఆయన చెప్పాడట. ఏమో, ఢిల్లీలో ఏనుగులు ఎగురుతున్నాయన్నా ఇక్కడ కూర్చుని మనం నమ్మవలసిందే.

కథలో ఓడ కెప్టెన్ ఒకడు, వాడి వెంట లావుపాటి వంటవాడు ఒకడు. కెప్టెన్‌కి నేను విజయుడని పేరు పెట్టాను. వంటవాడికి బొండాం అని. మొసళ్ళు, దొంగలు, నిధులు, ఉయ్యాల వంతెనలు. అసలు సినిమాకి విశ్రాంతి ఇచ్చాక ఒక ముక్క వేస్తాం. ఈయన మిషను గొంతు తగ్గించేస్తారు, నేను ఆడవాళ్ళ బెంచీల పక్కన నిలబడి మైకులో తెలుగు చెబుతాను.

"మా యావిడికి ఇంగ్లీషొచ్చు" అని ఈయన సంతంతా టముకు వేశారు. విజయనగరంలో నాలుగో ఫారం దాకా చదివాను, నిజమే. నాలుగో ఫారంలో ఇంగ్లీషు తప్పాను, అదీ నిజమే. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి ఎవరూ అడగలేదు, మావాళ్ళు చెప్పలేదు. ఆ దొరలు నోట్లో గులకరాళ్ళు పోసుకుని మాట్లాడితే నాలుగో ఫారం మాత్రం ఏం చేస్తుంది? "కమాన్" తెలుస్తుంది, "నో" తెలుస్తుంది. మిగిలింది బొమ్మ చూసి చెప్పుకోవాలి. బొమ్మేమో మసక. కనక నాకు తోచింది చెబుతాను.

ఆడవాళ్ళ బెంచీలు నిండిపోతున్నాయి. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది.

డిసెంబరు 16

కొత్త డబ్బా తెరిచాం. ఈసారి సముద్రం లేదు, మొసలి లేదు. విజయుడు ఏదో కోటలోకి పోయాడు. లోపల గాజు గొట్టాలు, బుడగలు, మెరుపులు. తెల్లకోటు మనిషి ఒకడు జుట్టు రేపుకుని నవ్వుతున్నాడు. బల్ల మీద ఒకణ్ణి పడుకోబెట్టి తలకీ కళ్ళకీ కట్లు కట్టారు. నాకు ఒళ్ళు జలదరించింది. సాహసాల కథ ఇలా దెయ్యాల కొంపలోకి తిరుగుతుందని ఎవరనుకున్నారు? కానీ మైకు నోటి దగ్గరుంది, జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, ఊరుకోవడానికి లేదు.

"వీడే పిచ్చి డాక్టరు!" అన్నాను. తెల్లకోటువాడు ఏదో మెరిసేది పట్టుకుని కట్ల మనిషి ముఖం మీదకి వంగాడు. "కత్తి తీశాడు తల్లీ! కంటిగుడ్డు పెకలిస్తున్నాడు! తీశాడు! సీసాలో వేశాడు! ఆ గుంటలో గుడ్లగూబ కన్ను పెట్టి కుడుతున్నాడు!" అన్నాను. గుడ్లగూబ ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలీదు.

బెంచీల్లో కేకలు. వేరుశనక్కాయలమ్మే మరిడమ్మ గంప అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "ఓలమ్మా, నువ్వు సెప్తుంటే నా కళ్ళు నానే గట్టిగా పట్టుకున్నానమ్మా. ఊడిపోతాయేటోనని" అంది. వచ్చే సంతకి వాళ్ళ ఊరు ఊరంతా తీసుకొస్తుందట.

ఇంటికొచ్చాక కూడా నవ్వు ఆగలేదు. ఈయన మాత్రం నవ్వలేదు. అలసిపోయి ఉంటారు.

డిసెంబరు 21

పొద్దున్న పొయ్యి పక్కన పడుకున్న పిల్లిని చూసి "గంగులూ, లెగరా, తెల్లారిపోనాది" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. తరవాత నేను గంగుల్ని పిలిచి విజయనగరం రైలు ఎప్పుడుందో కనుక్కోమన్నాను.

డిసెంబరు 27

విజయనగరం తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరు జగన్నాధంగారు, చిన్న మనిషి, చల్లటి చేతులు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలట. కుడికన్నుది బాగా పండిపోయిందట. "వేసవిలోపు తీయించేయాలమ్మా. అంతకన్నా ముదిరితే కన్ను దక్కదు. ఒకటి తీసి, బాగా మానాక రెండోది చూద్దాం" అన్నారు. ఆపరేషన్ చేసి కళ్ళద్దాలు ఇస్తే శుభ్రంగా కనబడుతుందట. చెయ్యకపోతే రెండూ పోతాయని కూడా చెప్పారు, మొహమాటం లేకుండా.

ఈయన బుద్ధిగా తలూపారు. రైలెక్కాక నోరు విప్పారు.

"నాను సేయించుకోను."

"అదేటండీ?"

"కంటికాడికి కత్తొస్తే నానుండలేను. రీల్లో సూడనేదేటి?"

"ఆ రీలు కథండీ!"

"కథో గిథో. నాకు కనబడనేదు గానీ నువ్వు సెప్పినావు గదా. గుడ్డు తీసి సీసాలో ఏసినాడని, గుడ్లగూబ కన్నెట్టి కుట్టినాడని. నాలుగు రోజులు నిద్దర్లేదు నాకు."

"వాళ్ళు సరదాకి తీసింది అది."

"సీమోళ్ళు అంత డబ్బెట్టి ఊరికే తీస్తారేటి? ఎక్కడో జరిగుంటాది. నువ్వు ఇంగ్లీషొచ్చిన మనిషివి. అందులో వోళ్ళేటన్నారో నీకు తెలుసు, నాకు తెల్దు."

"అందులో వాళ్ళేమన్నారో నాకూ తెలీదు, గుడ్లగూబ నా సొంత కల్పన" అనాలి. నోటిదాకా వచ్చింది. ఎదుటి బెంచీలో భోగాపురం దగ్గర నుంచి వస్తున్న ముసలాయన కూర్చుని మా మాటలే వింటున్నాడు. పరాయివాళ్ళ ముందు ఎందుకని ఊరుకున్నాను.

ముసలాయన తరవాతి స్టేషన్లో దిగిపోయాడు. అప్పుడూ ఊరుకున్నాను.

జనవరి 4, 1968

కోతల డబ్బు చేతిలో పడింది, జనం విరగబడి వస్తున్నారు. ఇప్పుడు డేరా మూస్తే ఎలా? ఆసుపత్రి సంగతి నెలాఖరుకి చూద్దాం.

జనవరి 7

పిచ్చి డాక్టరు ముక్క మళ్ళీ వెయ్యమన్నారు, ఇది మూడోసారి. ఆ కథ రెండో డబ్బా ఇంకా తెరవలేదు. గుడ్లగూబ కన్ను పెట్టినవాడు పగలు చూడలేడనీ, రాత్రిళ్ళు చెట్టెక్కుతాడనీ ఇవాళ కొత్తగా కలిపాను. ఈలలే ఈలలు.

ఈయన భోజనం సగంలో లేచిపోయారు.

జనవరి 11

మైకు గరగరమంటోంది. అది బాగుచేయించాక వెళ్దాం ఆసుపత్రికి.

జనవరి 12

మైకు బాగయింది. పొద్దున్న ముగ్గు పెడుతుంటే ఈయన తొక్కుకుంటూ పోయారు. మళ్ళీ పెట్టాను.

జనవరి 20

ఇప్పుడే ఈయన్ని పడుకోబెట్టి వచ్చాను.

సాయంత్రం జనరేటరు దగ్గరికి వెళ్ళారు, బెల్టు తిరుగుతున్నట్టు ఆయనకి కనబడలేదు. పంచె కొస బెల్టులో పడింది. గంగులు ఒక్క గెంతు గెంతి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. పంచె పోయింది, మనిషి దక్కారు. పంచె లేకుండా నిలబడి "ఏటయ్యిందిరా?" అని అడుగుతున్నారు. కనబడలేదు, అర్థం కాలేదు. గంగులు తన తువ్వాలు తీసి చుట్టాడు.

తరవాత గంగులు నా దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్ళలో వాడు నా మీద గొంతు పెంచడం ఇదే. "ఏటమ్మా సూత్తన్నావు? మైకట్టుకుని ఊరందరికీ సెప్తావు, మొగుడికి సెప్పనేవా? రేపు ఆయనకేటైనా అయితే నా వల్ల కాదు, సెప్తన్నాను" అన్నాడు. వెళ్ళిపోయాడు. వాడు ఏడుస్తున్నాడు.

ఇంక కోతలు, మైకు అని ఎందుకు రాసుకోవడం? భయం ఆయనకి కాదు, నాకు. చూపు వస్తే ఆయన తెర చూస్తారు. తెర చూస్తే నేను చెప్పేది అందులో లేదని తెలిసిపోతుంది. మా ఆవిడికి ఇంగ్లీషొచ్చని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషి. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. నాకు పిల్లల్లేరు, ఆస్తి లేదు, ఉన్నదల్లా ఆ వెలుగే. దానికోసం ఆయన కళ్ళు పోగొట్టుకోనిస్తానా? ఛీ.

నిజం చెప్పేస్తాను. రేపే.

జనవరి 21

చెప్పలేదు. కానీ ఒక ఆలోచన వచ్చింది.

జనవరి 27

రెండో డబ్బా ఇవాళ వేశాం. ముందు ఒకసారి గోడ మీద వేసి చూసుకోమన్నారు ఈయన. వద్దన్నాను, జనంతోపాటే చూస్తానన్నాను. ముందుగా చూస్తే ధైర్యం ఉండదని.

ముక్క మొదలయింది. అదే కోట, అవే గొట్టాలు, మసక మసకగా అదే తెల్లకోటు. నేను మైకు తీసుకుని, "అమ్మలారా, అయ్యలారా! పోయిన ముక్కలో మనం పొరబడ్డాం. ఈ డాక్టరు పిచ్చివాడు కాదు. పుట్టుగుడ్డివాళ్ళకి చూపు తెప్పించాలని రాత్రింబవళ్ళు కష్టపడి జుట్టు దువ్వుకోవడం కూడా మరచిపోయిన మహానుభావుడు!" అన్నాను.

డేరా అంతా గుసగుసలు. ఎవడో నేల మీద నుంచి "మరి గుడ్లగూబో?" అన్నాడు. "అది విజయుడి శత్రువులు పుట్టించిన పుకారు" అన్నాను. నాకెలా తోచిందో దేవుడికే తెలియాలి.

అప్పుడు బల్ల మీది మనిషి లేచాడు. కట్లు తెంపుకున్నాడు. చేతులు ముందుకు చాపి డాక్టరు మీదకి నడిచాడు. ఓరి నాయనో అనుకున్నాను. వాడు డాక్టర్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కొట్టడానికో, చంపడానికో, నాకేం తెలుసు? రెండు మసక ఆకారాలు పెనవేసుకుని ఊగుతున్నాయి. "చూపొచ్చింది! లోకం కనబడింది! ఆనందం పట్టలేక డాక్టరుగారిని కౌగిలించుకున్నాడమ్మా!" అన్నాను. ఇద్దరూ కాసేపు ఊగాక డాక్టరు కింద పడ్డాడు. "ఆయన కూడా ఆనందంతో సొమ్మసిల్లాడు!" అన్నాను. గదంతా మంటలు లేచాయి. "ఊరంతా దీపాలు వెలిగించి పండగ చేసుకుంటున్నారు!" అన్నాను. విజయుడూ బొండాం తలుపు బద్దలుకొట్టి పరుగులు తీశారు. "ఈ శుభవార్త పదిమందికీ చెప్పడానికి పరుగెడుతున్నారు!"

ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకుంటున్నారు. మరిడమ్మ వెక్కి వెక్కి ఏడ్చి, "ఆ డాట్రుబాబు సల్లగుండాల" అంది. జనమంతా చప్పట్లు. ఇంత పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు, ఇంత సుఖంగానూ ఎప్పుడూ లేదు.

ఆట అయ్యాక ఈయన రీలు చుట్టుకుంటూ, "ఆడికి నొప్పెట్టనేదేటి?" అని అడిగారు.

"లేదట. చీమ కుట్టినట్టుందట."

"అలగని ఇంగ్లీషులో సెప్పినాడేటి?"

"ఆ" అన్నాను.

రీలు డబ్బాలో పెట్టి మూత బిగించారు. "అయితే పద, ఎల్దాం" అన్నారు.

ఫిబ్రవరి 5

ఆసుపత్రిలో చేర్చాను. డేరా మూసి గంగుల్ని కాపలా పెట్టాను. జగన్నాధంగారు వచ్చి, "మీ టాకీసులో ఇప్పుడేం ఆడుతోంది నరసింగరావుగారూ?" అని అడిగారు. "పిచ్చి డాట్రు బాబూ" అన్నారు ఈయన. నాకు ప్రాణం పోయింది. డాక్టరుగారు గదంతా వినబడేలా నవ్వారు. "మంచివాడేనా?" అంటే, "కడకి మంచోడే బాబూ" అన్నారు.

ఫిబ్రవరి 6

అయింది. బాగా జరిగిందన్నారు. కుడికన్ను.

నొప్పి లేదట. నేను చెప్పినట్టే ఉందట.

ఫిబ్రవరి 9

రెండు కళ్ళకీ కట్లు. తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు. తుమ్మకూడదు, దగ్గకూడదు, నమలకూడదు. జావ చెంచాతో పోస్తుంటే "పిల్లాడికి పోసినట్టు పోత్తన్నావేటే" అని విసుక్కుంటారు, ఇంకా పొయ్యమంటారు.

ఇవాళ "పద్మా, ఏటి జరుగుతన్నాదో సెప్పు. మైకులో సెప్పినట్టు" అన్నారు. సరే అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పక్క మంచం మీద తాతగారు పడుకున్నారు, కిటికీలో తడిబట్ట ఆరేశారు, నర్సమ్మ థర్మామీటరు విదిలిస్తోంది, కాకి వచ్చింది, పోయింది. రెండు నిమిషాల్లో గుర్రు పెట్టారు. నిజం చెబితే నిద్రొస్తుందన్నమాట మా మారాజుకి.

ఆ నిద్ర చూస్తుంటే కడుపు నిండింది. పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. చూపు రావాలి. వస్తుంది. వచ్చాక...

వచ్చాకే చూద్దాం.

ఫిబ్రవరి 17

కట్లు విప్పారు. వెలుగు తెలుస్తోంది. కన్ను ఎర్రగా ఉంది. కళ్ళద్దాలు మాత్రం బాగా మానాకేనట. ఇంటికొచ్చేశాం. ఎండ చూడొద్దన్నారు, బరువెత్తొద్దన్నారు, పెళ్ళాంతో పోట్లాడొద్దన్నారని నేను కలిపాను.

మార్చి 26

ఇవాళ కళ్ళద్దాలు వచ్చాయి. సోడాబుడ్డి అడుగంత మందం. అద్దాల వెనక ఈయన కళ్ళు ఇంతింత కనబడుతున్నాయి. పెట్టుకుని ముందు ఆకాశం చూశారు, "అంత నీలంగా ఉంటాదేటి?" అన్నారు. తరవాత తన చేతులు చూసుకున్నారు. తరవాత నన్ను.

చాలాసేపు చూశారు. నాకు సిగ్గేసింది, పెళ్ళినాడు కూడా అంత సిగ్గు పడలేదు.

"నీ సెవికాడ జుత్తు నెరిసిపోనాదే. ఎప్పుడు?"

"మీకు కనబడనప్పుడు."

"బాగున్నాది" అన్నారు. వీధిలో నిలబెట్టి అన్నారు. పక్కన సోడాబండివాడు నవ్వాడు. నవ్వనీ.

ఈ రోజు నేను చచ్చిపోయినా ఫరవాలేదు అనిపించింది. తరవాత డేరా గుర్తొచ్చింది.

మార్చి 29

డేరా మళ్ళీ తెరుస్తున్నాం. లెన్సు విప్పి తుడిచి వెలుగుకి ఎత్తి చూశారు. "బూజేటీ నేదు" అన్నారు. గంగులు అటు తిరిగి నవ్వుకున్నాడు.

సంత రోజుకి ఏ ముక్క వేద్దామని అడిగారు. మొసళ్ళ ముక్క అన్నాను. "జనం డాట్రు ముక్కే అడుగుతన్నారు, ఆడు సూపొచ్చి కావిలించుకున్నాడే, అది. నానూ సూడాల. నా కన్ను బాగుసేసిన ముక్కది" అన్నారు. ఆ రీలు తెగిపోయిందన్నాను. వెళ్ళి డబ్బా తెరిచి వేళ్ళతో తడిమి, కళ్ళద్దాలతో చూసి, "తెగనేదే, బాగానే ఉన్నాది" అన్నారు.

నాకు జ్వరం వస్తే బాగుండును.

ఏప్రిల్ 6

జ్వరం రాలేదు.

ఏప్రిల్ 7

తీరుబడిగా రాస్తాను. పొద్దెక్కింది, ఈయన తెర కుట్టించడానికి వెళ్ళారు. నిన్నటిదాకా కనబడని చిరుగులన్నీ ఇప్పుడు కనబడుతున్నాయట. తేదీ ఇవాళ్టిదే గానీ జరిగింది నిన్న సాయంత్రం, మొదటాటలో.

అసలు సినిమా మొదలవగానే జనం ఒక్కసారి "హా" అన్నారు. తెర మీద ప్రతి ఆకూ కనబడుతోంది. హీరోయిన్ ముక్కుపుడక రాయి కనబడుతోంది. నేల టిక్కెట్టువాళ్ళు లేచి వెనక్కి తిరిగి మిషను కేబిను వైపు ఈలలు వేశారు. గంగులు పరుగున వచ్చి, "బాబు సూడమ్మా, రాజులాగ కూకున్నాడు" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మిషను వెలుగులో ఆ లావు అద్దాలు రెండూ మెరుస్తున్నాయి. నాకు ఆనందమూ అదే, భయమూ అదే.

విశ్రాంతి అయింది. డాక్టరు ముక్క పడింది.

అయ్యో, ఏం చెప్పను! నేను ఇన్నాళ్ళూ కోట అన్నది అట్టకి వేసిన రంగు. మెరుపులు తీగకి కట్టిన దీపాలు. సీసాల్లో కళ్ళు అన్నానే, అవి ఏవో ఊరగాయ కాయలు. ఈ ముక్కలోనూ డాక్టరు చేతిలో ఉన్న ఆ మెరిసేది కత్తి కానే కాదు, చెంచా. ఇదంతా నేనూ మొదటిసారే చూస్తున్నాను, మా జనంతోపాటు. కానీ వాళ్ళకి కథ నోటికి వచ్చు, వింటూ నాతోపాటు పెదాలు కదుపుతున్నారు, చెంచాని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ చెప్పుకుపోయాను. మహానుభావుడన్నాను, జుట్టు దువ్వుకోవడం మరిచాడన్నాను.

కట్ల మనిషి లేచాడు. కట్లు తెంపాడు. లోపల ముఖం బయటపడింది. మనిషి ముఖం కాదది, కుట్లు కుట్లుగా, కోరలు బయటికి వచ్చి, కళ్ళల్లో కోపం కక్కుతోంది. చేతులు చాపి నడిచాడు. పట్టుకున్నాడు.

"ఆనందం పట్టలేక డాక్టరుగారిని..." అన్నాను.

రెండు చేతులూ డాక్టరు పీక మీద ఉన్నాయి. పది వేళ్ళూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. డాక్టరు నాలుక బయటికొచ్చింది.

అప్పుడు మరిడమ్మ లేచి నిలబడింది. పాపం, దానికి నా మీద ప్రేమే తప్ప కోపం లేదు. "అమ్మా, అదేటమ్మా, పీక నులిమీస్తన్నాడు గదమ్మా!" అంది.

ఒకరిద్దరు నవ్వారు. "కావిలింతన్నాది గదేటి?" అని ఎవరో అన్నారు. మైకు చేతిలో తడిగా జారుతోంది. తెర వైపు చూడలేను, జనం వైపు చూడలేను. అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది, అన్నిటికన్నా ఆయనకి తెలిసిపోయింది అనుకున్నాను. ఇంగ్లీషొచ్చిన ఆవిడ. టముకు వేసిన మనిషి. వెనక్కి తిరిగాను. కేబిన్లో ఆ అద్దాలు తిన్నగా తెర మీదే ఉన్నాయి. కదలడం లేదు. తరవాత అవి నావైపు తిరిగాయి.

ఎంతసేపు చూశారో తెలీదు. ముఖంలో ఏముందో ఆ చీకట్లో నాకు కనబడలేదు.

ఆయన చెయ్యి లెన్సు మీదకి వెళ్ళింది.

తెర మీద వేళ్ళు మెత్తబడ్డాయి. పీక చెరిగిపోయింది. కోరలు, కుట్లు, నాలుక అన్నీ కరిగి, రెండు మసక ఆకారాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతున్నాయి. ఎప్పటిలాగే.

"బొమ్మా! బొమ్మా!" అని నేల నుంచి అరిచారు.

"నోర్ముయ్యండెహె!" అని కేబిన్లోంచి ఈయన కేక. "ఆవిడ సెప్తన్నాది గదా, ఇనండి!"

మరిడమ్మ కూర్చుంది. కళ్ళు నులుముకుని తెర చూసింది, నన్ను చూసింది. "నాకే సరిగ్గా కనబణ్ణేదమ్మా, సెప్పు" అంది.

మైకు రెండు చేతులా పట్టుకున్నాను. "కౌగిలించుకున్నాడమ్మా" అన్నాను. "ఇంతకాలం చీకట్లో ఉన్నవాడు కదా, వదలలేక వదలలేక కౌగిలించుకున్నాడు." బెంచీల్లో ముక్కులు చీదుకోవడం వినబడింది. డాక్టరు సొమ్మసిల్లాడు. ఊరంతా దీపాలు వెలిగాయి. విజయుడూ బొండాం శుభవార్త పట్టుకుని పరుగెత్తారు. చప్పట్లు.

నేను పక్కకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో తెలీదు. అసలు సినిమా మళ్ళీ మొదలయింది. బొమ్మ అద్దంలా ఉంది.